పరీక్ష టైము యాప్‌కే తెలుసు

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది చిన్న కంపెనీ. ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఎప్‌సెట్ మాక్ టెస్టులు పెడతాం. ఒక్కో కాలేజీకి ఒక్కో టైము. టెస్టు తెరవగానే వేలమంది ఒక్కసారే లాగిన్ అవుతారు. క్లౌడ్‌లో ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లను పెంచి తగ్గించే ఏర్పాటు) పెట్టినా కొత్త సర్వర్లు లేచేలోపే సైట్ పడిపోతోంది, తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతున్నాయి. యాపే తనకు కావలసిన సర్వర్లు తెచ్చుకునేలా కోడ్ రాస్తానంటున్నాడు మా టీమ్‌లో ఒకబ్బాయి. బిల్లు తలచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోండమ్మా. అతను చెప్పింది సరైన దారే.

మామూలు ఆటో స్కేలింగ్ సీపీయూ వాడకాన్ని చూస్తుంది. పిల్లలు వచ్చిపడ్డాకే సీపీయూ పెరుగుతుంది. ఆ తర్వాత సర్వర్ బూట్ కావాలి, మీ ప్రోగ్రామ్ మొదలవ్వాలి, వచ్చినవాళ్లను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ‘ఇది బాగానే ఉంది’ అని చూసుకునే హెల్త్ చెక్ దాటాలి. దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. పెళ్లికి ఎంతమంది వస్తారో పెళ్లివారికి తెలుస్తుంది గానీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి తెలియదు కదా. ఏ కాలేజీ టెస్టు ఎన్నింటికి, ఎంతమంది రిజిస్టర్ అయ్యారు అన్నది ముందురోజే మీ డేటాబేస్‌లో ఉంటుంది. ఆ లెక్క తెలిసిన యాపే అడగాలి.

ఎలా అడుగుతుందన్నదే అసలు సంగతి. మీది ఏ క్లౌడో రాయలేదు, నేను రోజూ వాడే అమెజాన్ పేర్లతో చెబుతాను. యాప్ ‘ఇంకో పది సర్వర్లు ఇవ్వు’ అని అడగకూడదు. నెట్ తెగి జవాబు రాకపోతే మళ్లీ అడుగుతుంది, ఇరవై లేస్తాయి. ‘మొత్తం పది ఉండాలి’ అని ఆటో స్కేలింగ్ గ్రూపుకి, అంటే కలిసి పెరిగి తగ్గే మీ సర్వర్ల గుంపుకి చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా పది పదే. దీనికి ‘సెట్ డిజైర్డ్ కెపాసిటీ’ అనే ఒక్క పిలుపు (క్లౌడ్‌కి కోడ్ పంపే ఆదేశం) చాలు. యాప్ ఐఏఎమ్ రోల్‌కి (క్లౌడ్‌లో ఏమేం చేయొచ్చో చెప్పే అనుమతుల పట్టీకి) మీ గ్రూపు మీద ఆ ఒక్క అనుమతే ఇవ్వండి. గ్రూపు గరిష్ఠ పరిమితి మార్చే అధికారం మీ దగ్గరే ఉంచుకోండి. కోడ్‌లో తప్పు దొర్లి వెయ్యి అడిగినా ఆ పరిమితి దాటి ఒక్కటీ రాదు. మీ బిల్లు భయానికి గట్టి మందు ఇదే.

చాలామంది తడబడే చోటు ఇంకొకటి ఉంది. పదింటి టెస్టుకి తొమ్మిదిన్నరకే సర్వర్లు లేపి ఉంచితే, పిల్లలు వచ్చేదాకా అవి ఖాళీగానే ఉంటాయి కదా. సీపీయూని బట్టి సర్వర్లు పెంచి తగ్గించే పాత పాలసీ అది చూసి వాటిని తీసేయొచ్చు. కాబట్టి ఆ పాలసీలో తగ్గించే భాగాన్ని ఆపేయమనండి. తగ్గించే పనీ యాపే చూసుకోవాలి. ఆఖరి సమాధానపత్రం చేరాక సంఖ్య దించాలి. యాపే మొరాయిస్తే? రాత్రి ఒక టైముకి సంఖ్యను మామూలుకి తెచ్చే షెడ్యూల్ ఒకటి విడిగా పెట్టండి. అరగంట ముందు లేపినందుకు ఖర్చు ఎక్కువేం కాదు. 2017 నుంచి అక్కడ లినక్స్ మెషీన్లకు సెకన్ల లెక్కనే బిల్లు.

ఇక రీజియన్, అంటే క్లౌడ్ సర్వర్లు ఉండే ప్రాంతం విషయం. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. మన ఊరిదే కదా అని సర్వర్లు ఇక్కడికి మార్చి, డేటాబేస్ ముంబైలోనే వదిలేస్తే ప్రతి క్లిక్కుకీ అంత దూరం వెళ్లి రావాలి. రెండూ ఒకేచోట ఉండాలి. మీరు వాడే రకం మెషీన్ ఆ రీజియన్‌లో దొరుకుతుందో లేదో కూడా ముందే చూడమనండి.

అన్నిటికన్నా ముందు డేటాబేస్ చూడండి. మీరే ఇన్‌స్టాల్ చేసుకున్న పోస్ట్‌గ్రెస్ అయితే, సెట్టింగు మార్చకపోతే వంద కనెక్షన్లే. ఒక్కో సర్వర్ ఇరవై తెరిచిందంటే ఐదింటితోనే నిండిపోతుంది, ఆరోది లేచినా పనికిరాదు. మధ్యలో పీజీబౌన్సర్ లాంటిది (కొద్ది కనెక్షన్లనే అందరికీ సర్దే ప్రోగ్రామ్) పెట్టించండి. టెస్టులు లేని రోజు చూసి దొంగ లాగిన్లతో ఒక రిహార్సల్ చేయించి, ఒక్క సర్వర్ ఎంతమంది పిల్లల్ని మోస్తుందో లెక్క తీయమనండి. ఆ అంకె చేతికొచ్చాకే అతన్ని కోడ్ మొదలుపెట్టమనండి.