నలభై రోజులు ఉపవాసం ఉంటానన్నావట

చిరంజీవి అల్లుడికి, ప్రభువు నామంలో మీ మామయ్య దీవెనలు.

ఈస్టర్‌కి ముందొచ్చే ఈ శ్రమకాలం నలభై రోజులూ పగలంతా ఉపవాసం ఉంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదురా. ఆటోనగర్ షెడ్డులో ఆ ఎండ, ఆ వెల్డింగ్ వేడి, పైగా నీ చేతికింద ఆరుగురు కుర్రాళ్లు. మీ తాత కోపం నీకొచ్చింది. నా టెన్షన్ అంతా దాని గురించే.

నీళ్లు మానకు. మీ నాన్నకి షుగర్ ఉంది కాబట్టి నువ్వూ ముందు టెస్ట్ చేయించుకో. 2026లో శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. మధ్యలో ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు, అవి తీసేస్తేనే నలభై. ప్రభువు లేచింది ఆదివారమే కదా, ఆ రోజు కడుపునిండా తిను. గుణదల కొండ ఎక్కుదామని నీ క్యాథలిక్ స్నేహితులు పిలిస్తే వెళ్లు. మనం లూథరన్లమని ఆగక్కర్లేదు.

ఇప్పుడు రాసేది మీ అమ్మకి కూడా తెలియదు.

1994లో నేను గుంటూరులో ఒక మిర్చి కొట్టులో గుమస్తాని. ఆ ఏడు నీలాగే నలభై రోజులు పట్టాను. సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఐదో మాట, 'నేను దప్పిగొనుచున్నాను', నన్నే చెప్పమన్నారు. ఆ రోజు కూడా గొడౌనులో పని ఆపలేదు. తొడిమలు తీసే ఒకావిడ వచ్చి, "పన్నెండింటికి ఏడు మాటలకి పోతానయ్యా" అంది. ఆకలితో నా తల పగిలిపోతోంది. "పోతే సగం కూలి కోస్తా" అన్నాను. ఆవిడ వెళ్లింది. నేను కోశాను. కోసి, చేతులు కడుక్కుని, తెల్లచొక్కా వేసుకుని అదే ఆరాధనకి వెళ్లాను.

దప్పిక గురించి చెబుతూ ఏడ్చాను కూడా. ఆవిడ వెనక చాప మీద కూర్చుని ఉంది. మిరప ఘాటుకి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నా వైపే చూస్తోంది.

ఆ రాత్రి బైబిల్లో యెషయా 58వ అధ్యాయం తీశాను. ఉపవాసం అనగానే మనవాళ్లందరూ తీసేది అదే. మూడో వచనం దగ్గర ఆగిపోయాను. ఉపవాసం ఉన్న రోజునే మీ పనివాళ్ల చేత కఠినంగా పని చేయించుకుంటున్నారని దేవుడు నిలదీసేది అక్కడే. ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ అది నాకు తగల్లేదు. సోమవారం డబ్బు తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. "శుక్రవారం రాత్రి పిల్లలకి గంజే పోశానయ్యా" అంది, అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఈస్టర్ రోజు మా ఇంట్లో కోడికూర, పలావు.

అందుకే చెబుతున్నా. నువ్వు తినడం లేదని ఆ కుర్రాళ్ల భోజనం టైము దాటనివ్వకు. టీ మానేసిన డబ్బులు మిగిలితే వాళ్లకే టీ తాగించు. నీరసంగా ఉన్నప్పుడు ఎవడి చేతిలోనైనా స్పానర్ జారిపడితే నోరు జారకు. తట్టుకోలేకపోతే ఆ పూట ఉపవాసం వదిలేసి నాలుగు ముద్దలు తినేయ్, నాన్నా. దేవుడు నిన్ను తక్కువగా చూడడు. ఉపవాసం ఉన్నానని ఎవరికీ చెప్పకు. ముఖం కడుక్కుని, తలకి నూనె రాసుకుని ఉండమని ప్రభువే చెప్పాడు.

ఈస్టర్‌కి శనివారం సాయంత్రానికే వచ్చేయ్. మీ అమ్మమ్మ సమాధికి సున్నం వేయాలి, నాకిప్పుడు వంగోడం కష్టంగా ఉంది. తెల్లవారుజామున కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని ఇద్దరం కలిసి వెళ్దాం. శుక్రవారం మాత్రం కుర్రాళ్లకి సెలవిచ్చి, ఆ రోజు జీతం కూడా చేతిలో పెట్టి రా.

మీ మామయ్య