అద్దె ప్రకటనతో మొదలుపెట్టండి, తమ్ముడూ

ప్రశ్న: లిస్బన్ వచ్చి ఏడాదిన్నర అయింది అక్కా. మా ఆవిడ గుంటూరు బ్రాడీపేటలో, పుట్టింట్లో ఉంది. వీసా వచ్చేలోపు పోర్చుగీసు చదవడం నేర్పుదామని రోజూ వీడియో కాల్‌లో కూర్చుంటున్నాం. పేరా ఇస్తే ప్రతి మాటకీ అర్థం అడిగి రాసుకుంటుంది. తీరా ఇందులో ఏముందంటే చెప్పలేకపోతోంది. ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మరదలి తప్పేమీ లేదు తమ్ముడూ. మీరిచ్చే పేరాలో ఆమెకు కావలసింది ఏమీ ఉండి ఉండదు. ఎవరో మరియా పోర్తోలో పుట్టిందనీ, ఆమెకో పిల్లి ఉందనీ తెలుసుకుని ఏం చేసుకుంటుంది?

బ్రాడీపేట నాలుగో లైనులో టులెట్ బోర్డు కనపడితే ఎలా చదువుతాం? ఎన్ని గదులు, అద్దెంత, అడ్వాన్సెంత, నీళ్ళు బాగా వస్తాయా. బోర్డు చూడకముందే ఈ ప్రశ్నలు మనసులో ఉంటాయి. కన్ను వాటి జవాబుల కోసమే వెతుకుతుంది, మిగతాది వదిలేస్తుంది. ఆ చదువు మరదలికి ఎప్పుడో వచ్చు. దాన్నే పోర్చుగీసులోకి తేవాలి.

అందుకే నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళకు మొదటి పాఠం గది అద్దె ప్రకటనే. ముందు కాగితం చూపించను. అందులో ఏమేం ఉండొచ్చో తెలుగులోనే చెప్పమంటాను. తర్వాత మూడే మాటలు ఇస్తాను: క్వార్తు అంటే గది, రెండ అంటే అద్దె, కవుసావ్ అంటే అడ్వాన్సు. అప్పుడు కాగితం ఇచ్చి, కరెంటు, నీళ్ళ బిల్లులు అద్దెలో కలిసే ఉన్నాయా అని అడుగుతాను. వరండ, అర్మారియు, తుఆల్య కనపడగానే వాళ్ళే పోల్చుకుంటారు. మన వరండా, అలమారా, తువ్వాలు పోర్చుగీసువాళ్ళు ఇచ్చిపోయినవే కదా. అక్కడ బాల్కనీనే వరండ అంటారని మాత్రం చెప్పాలి.

మాట మాటకీ అర్థం రాసుకుంటే ఏమవుతుందో నాకు అనుభవమే. వచ్చిన కొత్తలో ఒక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, సెగుండ-ఫెయిర రమ్మని. నిఘంటువులో సెగుండ అంటే రెండోది అని ఉంది. రెండో తారీఖున వెళ్ళాను. తీరా సెగుండ-ఫెయిర అంటే సోమవారమట! ఆ అపాయింట్‌మెంట్ పోయి మళ్ళీ ఆరు వారాలు ఆగాల్సి వచ్చింది. అక్కడ సోమవారం రెండోది, శుక్రవారం ఆరోది. దుకాణాల తలుపు మీద 2 నుంచి 6 అని పక్కన చిన్న అక్షరంతో ఉంటే సోమ నుంచి శుక్ర అని అర్థం. ఇది రెండో పాఠంగా పెట్టండి. అదే తలుపు మీద 'పుషె' అని ఉంటుంది, పలికితే ఇంగ్లీషు పుష్‌లాగే వినపడుతుంది. కానీ లాగమని అర్థం.

వ్యాకరణం ఇప్పుడే వద్దు, ఒక్కటి తప్ప. 'వస్తాను' అంటే చాలు, 'నేను' అనక్కర్లేదు మనకు. పోర్చుగీసూ అంతే. వర్తమానంలో క్రియ చివర 'o' అనే అక్షరం ఉంటే సాధారణంగా నేను, 'mos' (మోస్) ఉంటే మనం. క్రియ తోక చూడమని అలవాటు చేయండి. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు కర్త కోసం వెతికి వెతికి అలసిపోతారు.

యూట్యూబ్ పాఠాల్లో చాలావరకు బ్రెజిల్‌వి. బస్సును అక్కడ ఓనిబుస్ అంటారు, లిస్బన్‌లో ఔటొకార్రు.

వినడం రావట్లేదని ఇప్పుడే బెంగపడొద్దు. పోర్చుగల్‌వాళ్ళు అచ్చులు మింగేసి మాట్లాడతారు, అందుకే కంటితో చదవడం ముందు వస్తుంది. ముందుముందు రాయాల్సిన సిప్లె (పోర్చుగీసు భాషలో ప్రాథమిక స్థాయి పరీక్ష)లోనూ చదవడం, రాయడం కలిపి 45 శాతం, వినడం 30, మాట్లాడటం 25. మొత్తం 55 వస్తే పాసు.

రేపటి కాల్‌కి ముందు మీ వీధిలో అద్దె ప్రకటన ఒకటి ఫొటో తీసి పంపండి. అర్థాలు రాసి పంపకండి. అద్దె ఎంతో, బిల్లులు ఎవరు కట్టాలో ఆమెనే చెప్పనివ్వండి.