స్పూఫ్ ఫైట్‌లో చిరిగిన చొక్కా మళ్లీ బాగైతే అది జోకా, తప్పా?

మీరు అడిగింది ఇదీ: ఒక స్పూఫ్ యాక్షన్ సినిమాలో, అంటే మామూలు యాక్షన్ సినిమాలను వెక్కిరిస్తూ తీసిన దాంట్లో, హీరో రివాల్వర్‌ను ఒక్కసారి కూడా లోడ్ చేయకుండా 31 సార్లు కాల్చాడు, మీరు కూర్చుని లెక్కపెట్టారు. అదే ఫైట్‌లో చిరిగిపోయిన చొక్కా చెయ్యి కాసేపటికి బాగానే కనిపించింది. మీ ఫ్రెండేమో "స్పూఫ్ కదా, అన్నీ కావాలని పెట్టినవే" అంటున్నాడు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే రివాల్వర్ జోకు, చొక్కా తప్పు. ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చొక్కా లాంటి తప్పు నేను స్వయంగా చేశాను.

హన్మకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఫ్రెండ్స్ నలుగురం కలిసి పన్నెండు నిమిషాల యాక్షన్ స్పూఫ్ తీశాం. ఫైట్ అంతా వడ్డేపల్లి చెరువు కట్ట మీదే. రెండు ఆదివారాలు తీశాం. కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌లో ఉన్న బట్టలూ వస్తువులూ తర్వాతి షాట్‌లో మారిపోకుండా చూసుకునే పని నాది. మొదటి ఆదివారం హీరో ఎడమ చేతికి కట్టు కట్టాం. వారం తర్వాత అదే సీన్ మిగతా సగానికి కుడి చేతికి కట్టాం. ఫోన్‌లో ఒక్క ఫొటో తీసి పెట్టుకుంటే సరిపోయేది, తీయలేదు. ఎడిటింగ్‌లో కూర్చున్నాక గానీ ఎవరికీ తెలియలేదు. "స్పూఫే కదరా, నడుస్తది. నవ్వుతరు" అన్నారు మావాళ్లు. నేనూ సరే అన్నాను.

కాలేజీ సెమినార్ హాల్లో వేశాం. కట్టు చెయ్యి మారిన చోట ఒక్కరు కూడా నవ్వలేదు. ముందు వరుసలో ఒక సీనియర్ అక్క పక్కన ఉన్నామెతో "ఇందాక ఎడమ చెయ్యికి ఉండె కదా?" అనడం మాత్రం వినిపించింది. ఆ వెంటనే వచ్చిన అసలు జోకు, మేం మూడు రోజులు కూర్చుని రాసుకున్నది, వాళ్లిద్దరూ చూడనే లేదు. ఇంకా కట్టు గురించే మాట్లాడుకుంటున్నారు. తప్పు చేసే నష్టం ఇదే. తను నవ్వించదు, పక్కనున్న జోకును కూడా మింగేస్తుంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో ఆదివారం మళ్లీ కట్ట మీదికి వెళ్లి రెండు చిన్న షాట్లు తీశాం. హీరో తన కుడి చెయ్యి చూసుకుంటాడు, ఎడమ చెయ్యి చూసుకుంటాడు. తర్వాతి షాట్‌లో కట్టు విలన్ చేతికి ఉంటుంది, వాడు నొప్పితో మూలుగుతుంటాడు. అదే హాల్లో మళ్లీ వేస్తే ఈసారి వెనక బెంచీల దాకా నవ్వారు. కట్టు అదే, మారిన చెయ్యీ అదే. ఈసారి కెమెరా దాన్ని చూసింది, కాసేపు ఆగింది, ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. అంతే తేడా.

పెద్ద సినిమాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1980లో వచ్చిన హాలీవుడ్ స్పూఫ్ 'ఎయిర్‌ప్లేన్'లో తెర మీద ఉండేది జెట్ విమానం, వినిపించేది మాత్రం రెక్కల ఫ్యాన్ తిరిగే పాతకాలపు విమానం చప్పుడు. మొదటిసారి విన్నప్పుడు సౌండ్ వాళ్లు పొరపాటు చేశారనుకుంటాం. కానీ బయటి నుంచి విమానాన్ని చూపించినప్పుడల్లా అదే చప్పుడు! ఆ సినిమాకు ఆధారం 1957 నాటి 'జీరో అవర్'. అందులో ఉన్నది ఫ్యాన్ విమానమే. ఆ పాత సినిమా తెలిసినవాళ్లకు జోకు రెండింతలు. 1993 నాటి 'హాట్ షాట్స్' రెండో భాగంలో హీరో బాణానికి బదులు కోడిని ఎక్కుపెట్టి వదులుతాడు. ఎంతమంది చచ్చారో తెర మీదే అంకెలు పడతాయి. వీటిని ఎవరూ తప్పు అనరు. మామూలు యాక్షన్ సినిమాలో మనం చూసీచూడనట్టు వదిలేసే అతిని పట్టుకొచ్చి కళ్లముందు పెట్టారు కాబట్టి. మీ 31 బుల్లెట్లూ ఆ కోవలోవే. రివాల్వర్‌లో పట్టేవి సాధారణంగా ఆరు. సీరియస్ సినిమాలో హీరో తొమ్మిది కాలిస్తే నిర్లక్ష్యం, 31 కాలిస్తే ఎవరో కూర్చుని రాసిందే.

నటుల మొహాలు చూసి తేల్చుకోవాలనుకుంటే కుదరదు. ఈ రకం సినిమాల్లో వాళ్లు అస్సలు నవ్వరు. 'ఎయిర్‌ప్లేన్'లో డాక్టర్‌గా వేసిన లెస్లీ నీల్సన్ అప్పటిదాకా ఎక్కువగా సీరియస్ వేషాలు వేసినవాడే, అందుకే తీసుకున్నారు. మన దగ్గర 2014లో 'హృదయ కాలేయం' వచ్చినప్పుడు మా రూమ్‌లో ఇదే గొడవ. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన సంపూర్ణేష్ బాబు అంత సీరియస్‌గా నటిస్తుంటే, ఇది నిజంగా చేతకాక ఇలా తీశారా, కావాలనే తీశారా అని సగం మంది తేల్చుకోలేకపోయారు. ఆ సీరియస్‌నెస్సే అక్కడ జోకు.

నన్ను బాధపెట్టేది "స్పూఫ్ కదా, ఏదైనా చెల్లుతుంది" అనే మాట. చెల్లదు. మామూలు సినిమా కంటే స్పూఫ్‌లోనే కంటిన్యుటీ గట్టిగా ఉండాలి, లేకపోతే చూసేవాడికి ఏది నమ్మాలో తెలియదు. మా సినిమాలో ఇంకో తప్పు అలాగే మిగిలిపోయింది. కాజీపేట దగ్గరే కాబట్టి ఒక డైలాగ్ మధ్యలో రైలు కూత మొదలై, షాట్ మారగానే టక్కున ఆగిపోతుంది. డబ్బింగ్‌కు మా దగ్గర డబ్బుల్లేవు. ఒక జూనియర్ వచ్చి "అన్నా, రైలు జోకు మస్తుంది" అన్నాడు. మెచ్చుకుంటున్నాడు కదా అని ఊరుకోలేకపోయాను, అది తప్పు తమ్ముడూ అని చెప్పేశాను.

ఆ రైలు కూతలాగే ఇలాంటి తప్పులు ఎక్కువగా కట్ దగ్గర దొరుకుతాయి. ఒక రోజు తీసిన షాట్, ఇంకో రోజు తీసిన షాట్ అతుక్కునే చోటు అది. జోకు షాట్ మధ్యలో, మనకు బాగా కనిపించేలా జరుగుతుంది. మీరు ఆ ఫైట్ ఇంకోసారి పెట్టి చొక్కా ఒక్కటే చూడండి. చిరిగిన షాట్‌కూ బాగైన షాట్‌కూ మధ్య కట్ ఉండి, దాన్ని ఎవరూ పట్టించుకోకుండా ఫైట్ సాగిపోతే మీరే కరెక్ట్. అలా కాకుండా ఒకే షాట్‌లో, మన కళ్లముందే ఆ చెయ్యి బాగై ఉంటే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటాను, మీ ఫ్రెండ్‌కు చాయ్ నేనే తాగిస్తాను.