బొంత మీద బిడ్డ పేరు కుట్టండి

ప్రశ్న: మేము రాయగడలో ఉంటున్న తెలుగు కుటుంబాల స్త్రీలం. పదకొండు మందిమి వారానికి రెండు మధ్యాహ్నాలు ఒకరి ఇంట్లో కూడి పాత చీరలతో బొంతలు కుట్టి పేద పిల్లలకు ఇస్తున్నాము. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మాయి, జబ్బు పడిన పిల్లలకు దుప్పట్లు చేసి ఇచ్చే బృందం ఒకటి అక్కడ ఉందని చెప్పినప్పుడు మాకు ఈ ఆలోచన కలిగింది. కిందటి పుష్యమాసంలో కొండమీది ఒక ఆశ్రమ పాఠశాల వసతిగృహానికి ముప్పై ఆరు బొంతలు ఇచ్చి వచ్చాము. నెల తరువాత వెళ్లి చూస్తే అవన్నీ ఇనుప పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. పిల్లలు మునుపటి పలచని దుప్పట్లే కప్పుకొంటున్నారు. అడిగితే, పిల్లలకు గజ్జి వచ్చిందనీ, ఎవరిది ఎవరు కప్పుకొంటున్నారో తెలియక దాచేశామనీ చెప్పారు. మనసు చాలా నొచ్చుకొంది. ఇక బజారులో దుప్పట్లు కొని ఇచ్చేద్దామని మాలో కొందరు అంటున్నారు. పాత చీరల బొంత ఇవ్వడం తప్పా? ఏం చేస్తే ఇది నిజంగా పిల్లలకు చేరుతుంది?
– ఒక సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, పాత చీర తప్పు కాదు, మీ కుట్టూ తప్పు కాదు. మీరు ముప్పై ఆరు బొంతలను ఒక వసతిగృహానికి ఇచ్చారు గాని ముప్పై ఆరుగురు పిల్లలకు ఇవ్వలేదు. లోటు అక్కడే ఉంది. వసతిగృహానికి ఇచ్చిన వస్తువు స్టాక్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. అలా ఎక్కినదానికి లెక్క చెప్పవలసిన వారు, అది చిరిగినా పోయినా తమ మీదికి వస్తుందన్న భయంతో దాన్ని పెట్టెలో పెడతారు. పైగా గజ్జి వచ్చినప్పుడు ఆ వార్డెను గారు పడిన భయం న్యాయమైనదే. చర్మంలోకి దూరి గుడ్లు పెట్టే సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చే ఆ జబ్బు ప్రధానంగా ఒంటికి ఒళ్లు తగలడం వల్ల పాకుతుంది. ఒకరి పక్కబట్టలు మరొకరు వాడినా పాకవచ్చు. అయితే మనిషి ఒంటిని విడిచిన ఆ పురుగు సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. బొంతను బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేసినా, ఉతికే వీలు లేనప్పుడు ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి వారం రోజులు పక్కన పెట్టినా సరిపోతుంది. నెలల తరబడి తాళం అక్కరలేదు. ఒక గదిలో పడుకొనే పిల్లలందరికీ డాక్టరు చెప్పిన మందు ఒకే రోజున ఒంటికి పూయించడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే బట్టలు ఉతికినంత మాత్రాన ఒంటి మీది గజ్జి పోదు.

కాబట్టి ఈసారి బట్ట కత్తిరించక ముందే ఆ పాఠశాలకు వెళ్లండి. ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి పిల్లల పేర్లు, వయసులు రాసుకోండి. ఈ బొంత ఫలానా బిడ్డ సొంతమనీ, వేసవి సెలవులకు ఇంటికి తీసుకుపోవచ్చుననీ, బడి మారినా వెంట వస్తుందనీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ఒప్పుకొన్నట్లు సంతకం తీసుకోండి. తరువాత ప్రతి బొంత మూలన ఆ బిడ్డ పేరు దారంతో కుట్టండి. అక్కడి పిల్లలు బడిలో చదివేది ఒడియా గనుక ఆ పేరు ఒడియా లిపిలోనే ఉండాలి. మీలో ఒడియా రాయగలవారు బట్ట మీద పెన్సిలుతో గీసి ఇస్తే మిగిలినవారు దాని మీదుగా కుట్టవచ్చు. చీకట్లో కూడా వేలితో తడిమి తన పేరును గుర్తుపట్టగలిగిన బిడ్డ ఇంకొకరి బొంత కోసం చేయి చాపడు, తనది ఇంకొకరికి పోనివ్వడు.

ఇక బజారు దుప్పటి మాట. కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి వైపు చలి మీకు తెలియనిది కాదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం 1,672 మీటర్లతో కోరాపుట్ జిల్లాలోనే ఉంది. పుష్యమాసపు రాత్రుల్లో ఆ పీఠభూమి మీద ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోతుంది. తక్కువ ధరకు దొరికే మెత్తని ఫ్లీసు దుప్పటి వెచ్చగానే ఉంటుంది, త్వరగా ఆరుతుంది కూడా. కాని ఇంటి దగ్గర పొయ్యి పక్కనో నెగడు పక్కనో పడుకొనే పిల్లలకు దాన్ని ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నిప్పురవ్వ పడితే ఆ పాలియెస్టరు కరిగి చర్మానికి అంటుకుపోతుంది. నూలు బట్ట కూడా మండుతుంది, నిప్పు దగ్గర దానితోనూ జాగ్రత్త అవసరమే, అయితే అది కరిగి ఒంటికి అతుక్కోదు.

మన బొంత లెక్క ఎంత చక్కనిదో చూడండి. 5.5 మీటర్ల చీరను మూడు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి ఆరడుగులు వస్తుంది. పన్నా సుమారు 45 అంగుళాలు ఉంటుంది గనుక ఒక్క చీరతో పెద్ద పిల్లవాడికి సరిపోయే మూడు పొరల బొంత తయారవుతుంది. అదే చీరను నాలుగు భాగాలు చేస్తే నాలుగున్నర అడుగుల పొడవున, ఏడెనిమిదేళ్ల బిడ్డకు సరిపడే నాలుగు పొరలు వస్తాయి. వెచ్చదనం బట్టలో కంటే పొరల మధ్య నిలిచే గాలిలో ఎక్కువగా ఉంది. అందుకే పలచని పాత నేత చీరలు ఆరు పొరలు వేసింది, దళసరి దుప్పటి ఒక్కటి కప్పుకొన్నదాని కంటే మేలు. కొండ మీది చలికి రెండు చీరలు, ఆరు పొరలు చాలు. అంతకు మించి వద్దు, ఎందుకంటే ఆ బొంతను ఉతికేది పదేళ్ల పిల్లే. నీళ్లు పీల్చుకొన్న బొంతను ఇద్దరు పిల్లలు చెరొక కొస పట్టుకొని పిండుకోగలగాలి, ఒక పూట మంచి ఎండకు అది ఆరాలి. లోపల దూది కూరిన రజాయి ఇందుకు పనికిరాదు. రెండు ఉతుకులకు దూది ఉండలు కట్టి ఒక పక్కకు చేరిపోతుంది.

చీరలు ఎంచుకొనేటప్పుడు మొహమాటం పనికిరాదు. ఇచ్చినవారు నొచ్చుకొంటారని ప్రతి చీరా బొంతలో పెట్టనక్కరలేదు. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి, రెండు బొటనవేళ్ల మధ్య గట్టిగా లాగండి. పురి విడిచిన చోటు కనబడితే ఆ మేరకు కత్తిరించి పారవేయండి. జార్జెట్టు, నైలాను, జరీ అంచు వద్దు. అన్నింటినీ ముందే వేడి నీళ్లలో ఉతికి ఆరేస్తే గంజి, దిగే రంగు, కుంచించుకుపోయే గుణం అప్పుడే పోతాయి. పైపొర మాత్రం కొత్త బట్ట వేయండి. ఖర్చు కొంచెం పెరిగినా, అందుకొనే బిడ్డకు అది తన కోసమే కుట్టిందని మొదటి చూపులోనే తెలుస్తుంది. కుట్టు వరసల మధ్య ఎడం రెండు వేళ్లకు మించకూడదు. పూసలు, గుండీలు, వేలాడే రిబ్బన్లు పెట్టకండి. పని మొదలుపెట్టే ముందు సూదులు లెక్కపెట్టి, లేచేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. కట్ట కట్టే ముందు ప్రతి బొంత మీద ఒక అయస్కాంతం నెమ్మదిగా జరిపి చూడండి. పదకొండు మంది కుట్టే చోట విరిగిన సూది మొన ఒక్కటైనా పొరల్లో ఉండిపోయే అవకాశం ఉంది.

మీ అమ్మాయి చెప్పిన తరహా బృందాల్లో పేరున్నది ప్రాజెక్ట్ లైనస్. 1995 డిసెంబరు 24న కొలరాడోలో కారెన్ లౌక్స్ అనే మహిళ, కేన్సరు చికిత్స పొందుతున్న ఒక చిన్నపిల్లకు తన దుప్పటి ఎంత ధైర్యమిచ్చిందో పత్రికలో చదివి, డెన్వరులోని పిల్లల కేన్సరు కేంద్రానికి దుప్పట్లు చేసి ఇవ్వాలని తలపెట్టడంతో అది మొదలైంది. లైనస్ అన్నది ఒక బొమ్మల కథలో ఎప్పుడూ దుప్పటి వదలని పిల్లవాడి పేరు. వారు ఇచ్చేవి కొత్తవి, చేతితో చేసినవి, ఉతకడానికి వీలైనవి అయి ఉండాలి. ఆసుపత్రి పిల్లల విషయంలో ఆ నియమాన్ని మీరూ పాటించాలి. కేన్సరు మందులు వాడే పిల్లల్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది గనుక అక్కడికి పాత చీరలు వద్దు, అన్ని పొరలూ కొత్త నూలు బట్టవే కావాలి. వసతిగృహానికి మాత్రం పాత చీర నిరభ్యంతరంగా వాడవచ్చు. పాత బట్టను గౌరవంగా ఇవ్వవచ్చునని మన దేశంలో చూపించినవారు ఉన్నారు. 1999లో ఢిల్లీలో గూంజ్ సంస్థను స్థాపించిన అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఊరివారు చెరువు తవ్వుకొన్నా, బాట వేసుకొన్నా ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు అందజేయడం, దాన్ని భిక్షగా చూడకపోవడం ఆ సంస్థ పద్ధతి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మీ ఊరికి దగ్గరలోని నియమగిరి కొండల్లో డోంగ్రియా కోంధు అనే గిరిజన తెగ స్త్రీలు తమకు ప్రియమైనవారి కోసం కపడాగండా శాలువాల మీద చేసే సూదిపనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మీరు బొంతలిచ్చే పిల్లల్లో ఆ ఇళ్ల ఆడపిల్లలు ఉండవచ్చు. సూది పట్టడం వారికి మనం నేర్పవలసిన విద్య కాదు. ఒక మధ్యాహ్నం పెద్ద పిల్లలను మీతో కూర్చోబెట్టుకొని, పైపొరకు ఏ రంగు కావాలో, అంచు ఎలా ఉండాలో వారినే అడగండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకు చదువు చెప్పదలచినప్పుడు ముందుగా తానే సవర భాష నేర్చుకొన్నారు. అడిగి తెలుసుకొని చేసే సాయానికి మన ప్రాంతంలోనే అంత మంచి ఉదాహరణ ఉంది.

ఆషాఢంలో మొదలుపెడితే కార్తీకం నాటికి కొత్త బొంతలు పూర్తవుతాయి. అంతకంటే ముందు, పెట్టెలో ఉన్న పాతవాటిని వెనక్కి తెచ్చుకొని, వేడి నీళ్లలో ఉతికి, పేర్లు కుట్టి తిరిగి ఇవ్వండి. వాటితోనే మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: పుట్టిన పిల్లల కోసం ఊలుతో చిన్న దుప్పట్లు అల్లి ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడి నర్సు వద్దన్నారు. చలికాలంలో నెలలు నిండక పుట్టిన పిల్లలకు దుప్పటి అవసరం లేదా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వెచ్చదనం అవసరం, చాలా అవసరం. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని ప్రమాదంగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాని నెలలు నిండని బిడ్డకు, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు అన్నింటికంటే మంచి దుప్పటి తల్లి రొమ్మే. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో మొదలుపెట్టిన కంగారూ సంరక్షణలో బిడ్డను తల్లి ఛాతీకి చర్మానికి చర్మం ఆనేలా కట్టి ఉంచుతారు. పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటల వరకు అలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. పైగా ఏడాది నిండని బిడ్డ పడుకొనే చోట వదులుగా ఉండే దుప్పట్లు, దిండ్లు ఉంచవద్దని శిశువైద్యులు చెబుతారు. అవి ముక్కు మీదికి జారితే తొలగించుకొనే శక్తి ఆ బిడ్డకు ఉండదు. ఊలు అల్లికలోని రంధ్రాల్లో వేళ్లు చిక్కుకొనే ప్రమాదం కూడా ఉంది. నర్సు గారి మాట కటువుగా వినిపించి ఉండవచ్చు గాని అది బిడ్డ మేలు కోరిన మాటే.

మీ చేతిపనికి అక్కడ వేరే చోటు ఉంది. తల్లి ఛాతీకి బిడ్డను కట్టి ఉంచే మెత్తని నూలు పట్టీలు, తల నిండా వచ్చే బొందు లేని నూలు టోపీలు, చిన్న మేజోళ్లు ఎన్ని ఉన్నా చాలవు. కొలత ఆ వార్డులోనే అడిగి తెలుసుకోండి, ఒకటి కుట్టి చూపించండి, వారు సరేనన్న తరువాతనే మిగిలినవి కుట్టండి. ఇప్పటికే అల్లిన ఊలు దుప్పట్లు వృథా కావు, మూడేళ్లు దాటిన పిల్లలున్న అంగన్‌వాడీలో ఇవ్వవచ్చు.

ప్రశ్న: బాలల సంరక్షణ గృహంలో దుప్పట్లు పంచినప్పుడు తీసిన పిల్లల ఫోటోలు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెడితే దాతలు పెరుగుతారని మా కోరాపుట్ మిత్రులు అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా వారి పేరు, చిత్రం, చదివే బడి వంటివి ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షను నిషేధిస్తుంది, ఉల్లంఘిస్తే శిక్ష కూడా ఉంది. చట్టం లేకపోయినా నేను వద్దనే చెప్పేదాన్ని. చలికి వణికిన రోజు తాలూకు బొమ్మను ఆ బిడ్డ పెద్దయ్యాక ఎవరి ఫోనులోనో చూడవలసి రాకూడదు. దాతలకు చూపడానికి మీరు కుడుతున్న చేతుల ఫోటో ఉంది, మడతపెట్టి వరుసగా పేర్చిన బొంతల ఫోటో ఉంది. పేర్లు కుట్టిన మూలలు మాత్రం లోపలికి మడిచి తీయండి.