మహేంద్రగిరి ఎక్కుతారా? ఆ నొప్పి మాత్రలు ఇంట్లోనే వదిలేయండి

ప్రశ్న: నా వయసు 49. కంచిలి దగ్గర కొబ్బరి తోట ఉంది. మూడేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. షుగర్ లేదు. మార్చిలో మా అబ్బాయి, వాడి స్నేహితులతో మహేంద్రగిరి నడిచి ఎక్కి, అదే రోజు దిగిపోదామనుకుంటున్నాం. కుడి మోకాలు నొప్పి కదా అని మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొని పెట్టుకున్నాను. గుండె పరీక్షలేమైనా చేయించుకోవాలా?

జవాబు: ఈసీజీ తీయించుకోండి, తప్పు లేదు. తోటలో పని చేసేటప్పుడు ఛాతీ పట్టేయడం, ఎన్నడూ లేని ఆయాసం ఉంటే మాత్రం ప్రయాణం ఆపి డాక్టరును కలవండి. నన్ను ఎక్కువగా భయపెట్టింది మీరు కొన్న ఆ మాత్రలే.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఆ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మొదలైనా చాలాకాలం పైకి తెలియదు కాబట్టి ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే పెరిగే వ్యర్థం), మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి.

కిడ్నీలోని జల్లెడకు రక్తం తెచ్చే గొట్టం ఒకటి, తీసుకుపోయే గొట్టం ఒకటి. చెమటకు ఒంట్లో నీరు తగ్గితే మొదటిదాన్ని వెడల్పు చేసి, రెండోదాన్ని బిగించి కిడ్నీ ప్రెషర్ నిలబెట్టుకుంటుంది. డైక్లోఫెనాక్ మొదటి గొట్టాన్ని ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టాన్ రెండోదాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్న నీటిని కూడా బయటికి పంపేస్తుంది. ఎండలో మూడూ కలిస్తే నీళ్లందని బోరులో మోటారు వేసినట్టే. నిరుడు సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చిన ఒకాయన, దారిలో నాలుగు నొప్పి మాత్రలు మింగి, మర్నాడు సీసాలో మూత్రం తెచ్చి చూపించాడు. బెల్లం పానకం రంగు! వారం ఆసుపత్రిలో ఉన్నాడు.

మోకాలికి క్రేప్ బ్యాండేజి, చేతికర్ర, కావాలంటే పారాసెటమాల్ 650 చాలు. బీపీ మాత్ర మీ అంతట మీరు మానొద్దు. ఆ రోజుకి ఏం చేయాలో రాసిన డాక్టరునే అడగండి.

ఒడిశా గజపతి జిల్లాలోని ఆ కొండ ఎత్తు 1,501 మీటర్లు. పైన మన ఊరి కంటే ఎనిమిది తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉండొచ్చు. చిక్కంతా అక్కడే. గాలికి చెమట ఆరిపోతుంది, దాహం తెలియదు, ఎండ మాత్రం కాలుస్తూనే ఉంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అరలీటరు చొప్పున గుక్కగుక్కగా తాగండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకే. అరలీటరు సీసాలో మొత్తం ఒంపేసేవాళ్లని రోజూ చూస్తున్నాను. తెల్లవారుజామున చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరండి. తోట మీదే కదా అని కొబ్బరి బొండాలు మోసుకెళ్తారేమో, క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, మీ టెల్మిసార్టాన్ కూడా దాన్ని పెంచేదే.

శిఖరం అందినా అందకపోయినా పదకొండుకల్లా వెనక్కి తిరగండి. ఉరుము వినబడితే ఫొటోల కోసం ఆగకుండా దిగిపోండి, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. ఎవరైనా తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

దిగాక మూత్రం తగ్గినా, రంగు మారినా ఆ రోజే రండి. వారం పది రోజుల తర్వాత చలిజ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోండి. కొండెక్కి వచ్చిన సంగతి డాక్టరుకు చెప్పడం మరిచిపోకండి.