ముందు ఆ కీ అడిగి తీసుకోండి

సర్పంచ్‌గా ఉన్న ఒక సోదరి రాశారు: మార్చి 8న మండలంలో సన్మానం చేస్తామన్నారట. తననూ వేదిక మీద కూర్చోబెట్టాల్సిందేనని భర్త పట్టుబడుతున్నారు. కాదంటే ఇంట్లో గొడవ, ఔనంటే పదిమందిలో చిన్నతనం. చివర్లో ఇంకో మాట: ‘నా డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి కీ, దాని పిన్ ఆయన దగ్గరే ఉంటాయి. పంచాయతీ పనులు ఆయనే చూసుకుంటారు.’

అమ్మా, వేదిక గురించి ఇంత మథనపడక్కర్లేదు. పిలుపు మీ పేరున వచ్చింది, మీరెక్కండి. ఆయన ముందు వరసలో కూర్చుంటారు. గుండె గుభేలుమన్నది మీ చివరి మాట చదివాకే.

ఆర్థిక సంఘం నిధులు కదలాలంటే మీ కీతో ఆమోదం పడాలి. నొక్కిన వేలు ఎవరిదైనా సంతకం మీదే. వేయని కాలువకి బిల్లు డ్రా చేస్తే ఆడిట్ అభ్యంతరం, రికవరీ నోటీసు మీ పేరునే వస్తాయి. కలెక్టర్ పదవి నుంచి తీసేసేదీ మిమ్మల్నే. కీని మీ అదుపులో ఉంచుకునే బాధ్యత 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ మీ మీదే పెట్టింది.

మొగుడూ పెళ్లాల మధ్య ఈ లెక్కలేమిటని ఆయన అంటారు. మీ పొలం ఆయన చూసుకోవచ్చు, తప్పులేదు. ఊరు మీకు అప్పగించిన పనిని ఆయన చేతిలో పెట్టే హక్కు మాత్రం మీకూ లేదు. రాజ్యాంగ 73వ సవరణ 1993లో పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు స్థానాలిస్తే, మన రెండు తెలుగు రాష్ట్రాలూ సగం చేశాయి. అది భర్తల కోసం చేసింది కాదు.

ఈ వారమే కీ అడిగి తీసుకోండి. పంచాయతీ కంప్యూటర్‌కి పెట్టి పిన్ మార్చండి. పాత పిన్ కావాలి. ఊహించి కొట్టకండి, వరుసగా తప్పు పడితే కీ లాక్ అవుతుంది. ఓటీపీ వచ్చే నంబరు మీదేనా? చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: కీ చేతికొస్తుంది, ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది. కీ ఇవ్వనంటే, అది మీ అధీనంలో లేదని ఎంపీడీఓకి రాసిచ్చి, రద్దు చేయించి కొత్తది తీసుకోండి. ఇంట్లో రభస అవుతుంది. అవనివ్వండి.

తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ కింద సంతకం పెట్టొద్దు. ఆఖరి తీర్మానం అయిన చోటే గీత కొట్టి, దాని కిందే పెట్టండి. బిల్లు ఆమోదించేముందు ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, తెప్పించుకోండి. అందులో సైడు కాలువ 40 మీటర్లని ఉంటే, టేపు పట్టించి మీరే దగ్గరుండి కొలిపించండి.

వచ్చే గ్రామసభలో అజెండా మీరు చదవండి. ఆయన జనంలో కూర్చుని, ఓటరుగా అడగాల్సింది అడుగుతారు.