డొమైన్ కొనకు బిడ్డా, ముగ్గుర్ని దొరకవట్టు

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్న. కోయభాషల మా సొంత ఎన్‌సైక్లోపీడియా పెడ్త సార్, డొమైన్ సుత చూసివెట్టిన అన్నవ్. జెర ఆగు, ఆ డొమైన్ మాత్రం కొనకు.

నేను ఒకసారి మునిగినోన్ని గనుక చెప్తున్న. మా ఊరి చెరువులు, కుంటలు, తూముల పేర్లు, ఏ కుంట కింద ఎవరి మడి, ముసలోళ్లను అడిగి అడిగి రెండు వందల పేజీల దాక ఎక్కించిన, సొంత సైట్ మీదనే. దసరకు ఊరికొచ్చినోళ్లందరు ఫోటోలు పెట్టిన్రు, తర్వాత నేనొక్కన్నే మిగిలిన. కంటి ఆపరేషనై నెలరోజులు ఫోన్ ముట్టకపోతే చెరువు పేజీల నిండ ఎవడో బలం మందుల ప్రకటనలు అతికించిండు, తీసేటోడు లేడు. ఆ ఎండకాలమే హోస్టింగ్ పైసలు కట్టుడు మర్చిపోయిన, సైట్ గాయబ్. బ్యాకప్ ఏదని అడగకు.

నాలుగిండ్లోళ్లు కలిసి నడపగల్గుతరా అంటే నడుపుతరు, సర్వర్ నెత్తిన మోసుకుంట మాత్రం కాదు. వికీమీడియా ఇంక్యుబేటర్ అని ఉన్నది, కొత్త భాషల వికీలు అండ్లనే పెరుగుతయ్, పైస ఖర్చు లేదు. దానికి భాషను గుర్తుపట్టే అంతర్జాతీయ కోడ్ ఉండాలె, కోయకు కేఎఫ్ఎఫ్ అని ఐఎస్ఓ కోడ్ ఉండనే ఉన్నది. తుళు వాళ్లు 18 లక్షల మందున్నరు, అయినా ఏండ్లకేండ్లు ఇంక్యుబేటర్ల ఉండి 2016ల సొంత వికీగ బయటికొచ్చిన్రు. 2011 జనాభా లెక్కల కోయ మాట్లాడెటోళ్లు సుమారు 4 లక్షలు. కానీ అసలు లెక్క అది కాదు, ఇంక్యుబేటర్ నుంచి బయటికి రావాలంటే నెలనెల కనీసం ముగ్గురు, ఒక్కొక్కరు పది ఎడిట్లకు తక్కువగాకుండ, కొన్ని నెలలు ఎడతెగకుండ చెయ్యాలె. ఆ ముగ్గురెవరో చెప్పు. జాతరల సెల్ఫీ దిగి పోయేటోళ్లు కాదు, పత్తి ఏరుకుంట సుత ఫోన్ల ఒక లైన్ సరిచేసేటోళ్లు.

పంచాది అయ్యేది రాత కాడ. తాడ్వాయి దిక్కు ఒకతీరు, భద్రాచలం దిక్కు ఒకతీరు పలుకుతరు, ఏది కరెక్ట్ అని మొదలువెట్టిన్రనుకో ముగ్గురు కాస్త ఒక్కరైతరు. రెండూ రాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారిమార్పు పెట్టు, అయిపాయె.

డోలి పట్టేటోళ్లు పడిగె, అంటే బొమ్మల గుడ్డ, విప్పి చెప్పే కథకు పుస్తకం ఏడుంటది, వికీలనేమో అచ్చయిన ఆధారం చూపెట్టుమంటరు. దానికి కొట్లాడకు. పాట రికార్డు చేసి, పడిగె ఫోటో తీసి, వికీమీడియా వాళ్లు ఫోటోలు, పాటలు దాచే కామన్స్‌ల ఎక్కియ్యి, కానీ అండ్ల పెట్టిందాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు సుత, ఆ ముచ్చట వాళ్లకు ముందే చెప్పు. కొలుపుకు సంబంధించిందైతే వద్దంటరు. వద్దంటే వద్దు.

ఇగ సూర్యుడు, అమెరికా అని అనువాదం చేసుకుంట కూసోకు, తెలుగు వికీ 2003 నుంచి ఉన్నది, అవన్నీ అండ్ల ఉన్నయ్. నువ్వు ఇప్పపువ్వు మీద రాయి, మీ అమ్మ తెల్లారకముందే గంప పట్టుకొని పోయి ఎట్ల ఏరుతదో, ఎన్నిరోజులు ఎండవోస్తదో.

ఆదివారం హన్మకొండకు రా. నా పాత నోట్‌బుక్కులు రెండు ఇంక ఉన్నయ్, తూముల పేర్లు సగం అండ్లనే దొరుకుతయ్, తెలుగు వికీల ఎట్ల ఎక్కియ్యాల్నో నువ్వే చూపెట్టు. వచ్చేటప్పుడు ఆ ముగ్గుర్ల ఒక్కరినన్న వెంటదీస్కరా.

మీ తెలుగు సార్